థర్మకోల్ మీద రెజిన్ పోస్తే కరిగిపోయింది, కారు బాడీ ఇంకెట్ల చెయ్యాలె?

హనుమకొండ నుంచి ప్రశ్న:
అన్నలకు నమస్తే. ఇద్దరు కూసునే బ్యాటరీ బండికి చదరపు పైపులతోని చట్రం వెల్డింగ్ చేయించిన. బాడీ మాత్రం నా చేతులతోనే చెయ్యాలని పట్టుదల. ఫ్రిజ్ డబ్బల థర్మకోల్ అతికించి, హ్యాక్సా బ్లేడుతోని చెక్కి బానెట్ చేసిన. పదిహేను రోజుల పని. నిన్న పాలిస్టర్ రెజిన్, ఫైబర్ మ్యాట్ వేస్తే చూస్తుండంగనే గుంతలు పడి తేనెతుట్టె లెక్కయింది. కండ్లల్ల నీళ్లొచ్చినయి. తక్కువ ఖర్చుల తొవ్వ చెప్పుండ్రి.

వరంగల్ నుంచి జవాబు (డెంటింగ్ పని నాది):
తమ్మీ, మనసు ఖరాబు చేసుకోకు. పాలిస్టర్ రెజిన్‌ల స్టైరీన్ ఉంటది, అది థర్మకోల్‌ను తినేస్తది. నా మొదటి బంపర్ గూడ అట్లనే పోయింది. ఎపాక్సీ అనే ఇంకో తీరు రెజిన్ థర్మకోల్‌ను ఏమనది గని పైసలెక్కువ.

ముందు ఐదో వంతు సైజుల మట్టి బొమ్మ చెయ్యి. అది నచ్చినంక అడ్డకోతలు (బొమ్మను అడ్డంగ కోస్తే కనపడే ఆకారాలు) ఐదింతలు పెంచి అట్టల మీద గియ్యి. సగమే గియ్యి, అట్ట తిరగేస్తే రెండో దిక్కు అచ్చం అట్లనే వస్తది. ఆ కొలతకు 6 ఎంఎం ప్లైవుడ్ కోసి జానెడు జానెడు దూరంల నిలబెట్టు. తట్టలు అల్లేటోళ్ల దగ్గర వెదురు బద్దలు తెచ్చి పొడుగునా కట్టు. బద్ద ఒక్క తీరుగ వంగుతది. ఎక్కడన్న ఎగిరిందంటే అక్కడి ప్లైవుడ్ తప్పు, ఆకురాయి పట్టు. థర్మకోల్ నీకు ఈ ముచ్చట ఎన్నడు చెప్పది.

పైన గోనెపట్ట లాగి కట్టి, పీవోపీ పట్టించి, ఆరినంక ఎమరీతోని రుద్దు. చీకటి పడ్డంక టార్చ్ పక్క నుంచి కొట్టు. నీడ పడ్డ కాడల్లా గుంతనే. పగటి పూట అది కంటికి ఆనదు. ఫ్రెంచ్ పాలిష్ (లక్క పాలిష్) రెండు కోట్లు, మీద మైనం, అప్పుడు రెజిన్.

కోబాల్ట్ (రెజిన్ జల్ది గట్టిపడనీకి కలిపేది), హార్డెనర్ (గడ్డకట్టించేది) రెండింటిని ఎన్నడు నేరుగ కలపకు, పేలుతది. కోబాల్ట్ రెజిన్‌ల బాగ కలిసినంకనే హార్డెనర్, నూటికి ఒకటి రెండు పాళ్లు. ఎండకాలం పొద్దుగాలనే పట్టు, మధ్యాహ్నమైతే డబ్బలనే గడ్డకడ్తది.

చేర్యాల నుంచి జవాబు:
చిన్న బొమ్మ వరకు మా దిక్కు మాస్కుల పద్ధతి చూడు. రంపపు పొట్టు, ఉడికిన చింతగింజల పిండి. ఆరితే గట్టిగ, తేలికగ ఉంటది, ఎమరీకి బాగ లొంగుతది.

హనుమకొండ:
అన్నా, రేపే బద్దలకు పోతున్న. బొమ్మకు చెరువు మట్టి పనికొస్తదా?

వరంగల్:
వస్తది, గని ఇసుక, రాళ్లు లేకుండ జల్లెడ పట్టు. పని ఆపినప్పుడల్లా తడి గోనె కప్పు, లేకుంటే తెల్లారేసరికి పగులుతది.