డాడర్: తూలే నడకా, అల్లుకునే తీగా

అందరికీ నమస్కారం. ఒక ఇంగ్లీషు కథను తెలుగు చేస్తూ ఒకే ఒక్క వాక్యం దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను. ముసలి తోటమాలి కంచె వెంబడి నడిచిపోతుంటాడు. కంచె నిండా పచ్చటి తీగ అల్లుకుని ఉంటుంది. రచయిత ఆ నడకకీ ఈ తీగకీ ఒకటే మాట వాడాడు, డాడర్ అని. నిఘంటువు తీస్తే క్రియగా వణుకుతూ తూలుతూ నడవడం, నామవాచకంగా ఒక పరాన్నజీవి మొక్క. ఈ రెంటికీ చుట్టరికం ఏమిటి? తూలుతూ పాకుతుందని తీగకి ఆ పేరు పెట్టారా? తెలుగులో రెండూ కలిసొచ్చే మాట ఏదైనా ఉంటే చెప్పి పుణ్యం కట్టుకోండి.

— బదనిక అనెయ్యండి. పరాన్నజీవికి మనకున్న పాతమాట అదే.

— బదనిక కుదరదండీ. దానికి శుభ్రంగా ఆకులుంటాయి. కొమ్మమీద కూర్చుని ఆ చెట్టు నీళ్లూ లవణాలూ లాక్కుంటుంది గానీ, వంట మటుకు చాలావరకు సొంతంగానే చేసుకుంటుంది. డాడర్ అంటే కస్కుటా. మన బంగారు తీగ. ఆకు ఉండదు, పెద్దయ్యాక వేరూ ఉండదు, ఒట్టి దారం. ఎవరో నూలుపోగులు చిక్కుపెట్టి చెట్టుమీద విసిరేసినట్టు ఉంటుంది. సీతమ్మ పోగునూలు అనే పేరు అందుకే వచ్చి ఉంటుంది. సంస్కృతంలో అమరవల్లి, ఆకాశవల్లి. అన్నట్టు, మీరు పచ్చటి తీగ అన్నారు. ఆకుపచ్చా, పసుపుపచ్చా?

— పసుపేనండీ. మూలంలో పసుపనే ఉంది. నేనే అలవాటుకొద్దీ పచ్చ అనేశాను.

— అయితే అనువాదంలో కూడా ఆ అలవాటు మానుకోండి. పచ్చటి తీగ అంటే చదివేవాడికి నవనవలాడే ఆకుల తీగే కళ్లముందు మెదులుతుంది. దీని సంగతి అందుకు పూర్తిగా తిరగబడి ఉంటుంది. పచ్చదనం లేదు కాబట్టే ఇంకొకరి కూటిమీద పడింది.

— చుట్టరికం సంగతి నేను చెబుతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి. ఈ రెండు డాడర్లూ రెండు వేర్వేరు మాటలు. మనకి పాలు ఉన్నాయి చూడండి, తాగే పాలు ఒకటి, వాటా అనే అర్థంలో పాలు ఇంకొకటి. దీపం ఆరు, అంకె ఆరు కూడా అంతే. ఉచ్చారణ ఒకటైనంత మాత్రాన ఒక కడుపున పుట్టినట్టు కాదు. మొక్క పేరుగా డాడర్ పాతది, మధ్యకాలపు ఇంగ్లీషులోనే డోడర్ అనే రూపంలో కనబడుతుంది. జర్మన్ భాషల కుటుంబంలో దానికి జ్ఞాతులూ ఉన్నారు. నడక తాలూకు క్రియ 17వ శతాబ్దం మొదట్లో వచ్చింది. దాని వెనక డాడర్ కాకుండా డ్యాడర్ అనే ఇంకో పాత క్రియ ఉంది, వణకడం అని అర్థం. దాని పక్కనే డిడర్ అని మరొకటి. ఆ డిడరే అరిగి అరిగి ఇవాళ్టి డిథర్ అయింది. ఎటూ తేల్చుకోలేక ఊగిసలాడటానికి వాడతారే, అదే. ఒకప్పుడు ఒళ్లు వణికేది, ఇప్పుడు మనసు వణుకుతోంది.

ఇవన్నీ నోటికి తట్టిన శబ్దాలు. మన గజగజ, గడగడ, వడవడ ఎలాంటివో అలాంటివే. డ తర్వాత డ పెట్టి పలికితే నాలుకే రెండుసార్లు తడబడుతుంది. తడబడు అన్న మాటలో మాత్రం ఏముంది? తడ, బడ.

— మీరు శబ్దాల దాకా వచ్చారు కాబట్టి జాన్సన్ సంగతి కూడా ఎత్తండి. లేకపోతే నేను ఎత్తుతాను.

— ఎత్తండి.

— ఇంగ్లీషు కవిత్వంలో ముసలి చెట్లకి డాడర్డ్ అని విశేషణం వేస్తారు. 17వ శతాబ్దంలో డ్రైడన్ వాడాడు, తర్వాతివాళ్లకి అది అలవాటైపోయింది. అసలు అర్థం తల పోయిన చెట్టు, కొమ్మలు రాలి బోడిగా మిగిలింది. మన మోడుకి దగ్గర. డాడ్ అని పాత క్రియ ఒకటుంది, జుట్టో కొమ్మలో కత్తిరించి బోడి చెయ్యడం. ఈ మాట దాన్నుంచి వచ్చిందని నిఘంటుకారులు అంటారు. శామ్యూల్ జాన్సన్ మహాశయుడు 1755లో నిఘంటువు వేస్తూ దీనికి డాడర్ తీగ అల్లుకున్నది అని అర్థం రాసేశాడు. ఓక్ చెట్టు, పైన తీగ, చూడ్డానికి ముచ్చటగానే ఉంది. అంతటివాడు రాశాక కాదనేదెవరు? ఆ తర్వాత కొందరు ఆ అర్థంలోనే వాడారు కూడా. తప్పు నిఘంటువులోకెక్కి ఒప్పైపోయింది. అంటే మీరు అడిగిన ప్రశ్నలో పడిన గుంటలోనే జాన్సన్ కూడా పడ్డాడు. మీరేం చిన్నబుచ్చుకోవక్కర్లేదు.

— ధన్యుణ్ణి. కానీ నాకింకా ఒక సందేహం పీకుతోంది. మాటల పుట్టుక వేరైతే కావచ్చు, ఆ తీగ నిజంగానే తూలదా?

— తూలుతుంది! అందుకే ఈ పొరపాటు అంత తేలిగ్గా పుడుతుంది. గింజ మొలిచినప్పుడు చూడాలి. బీజదళాలు ఉండవు, సరైన వేరూ ఉండదు. నేలలోంచి సన్నటి దారం ఒకటి లేచి, దాని కొస గాలిలో సున్నాలు చుడుతూ తడుముకుంటుంది, చీకటి గదిలో చెయ్యి చాపి గోడకోసం వెతికినట్టు. గింజలో దాచుకున్న సరుకు కొద్దిరోజులకే సరిపోతుంది. ఆలోగా ఒక కాండం చిక్కకపోతే ఎండిపోతుంది. చిక్కితే మాత్రం చుట్టేసి, చూషకాలు అనే పీకలు లోపలికి దించి, నేలతో ఉన్న లంకె తెంపేసుకుంటుంది. ఆ తడుముకోవడం కూడా ఒట్టి గుడ్డి తడుములాట కాదు. 2006లో సైన్స్ పత్రికలో అమెరికా పరిశోధకులు చూపించారు: మొలక టమాటా మొక్క వాసన వచ్చే వైపుకి పెరుగుతుంది, టమాటా, గోధుమ రెండూ పెడితే ఎక్కువగా టమాటావైపే మొగ్గుతుంది.

— వాసన పట్టి భోజనానికి వచ్చే అతిథి. పరాన్నం అన్న మాటకి ఇంతకన్నా నిర్వచనం ఏం కావాలి.

— హాస్యం సరే, అనువాదం మాటేమిటి? ముసలాయన నడకకి తప్పటడుగులు పెట్టొచ్చా?

— వద్దండీ. తప్పటడుగులు చంటిపిల్లలవి. ఇంగ్లీషులో టాడిల్‌కి అది సరిపోతుంది. పెద్దవాళ్ల విషయంలో తప్పటడుగు అంటే ఏదో అపరాధం చేశాడని చదువుకుంటారు. ఒట్టి తూలు అన్నా తాగాడేమో అనుకుంటారు. అడుగు తడబడుతూ అనండి, లేదా ఒణుకుతూ ఒణుకుతూ అనండి.

— మాటకి మాట కోసం వెతకడం మానేసి మన శ్లేష మనం వేసుకోవచ్చు కదా. పట్టు ఉందిగా. కాలికి పట్టు చాలని ముసలాయన, నేలమీద పట్టే అక్కర్లేని తీగ. పైగా పట్టు అంటే పట్టుదారం కూడా. జర్మన్‌లో కస్కుటాని జైడ అంటారు, అంటే పట్టే.

— భలే పట్టారు! కానీ రచయిత అనని పట్టుదారం మనం చేర్చినట్టు కాదూ?

— డాడర్ అనే చమత్కారం ఎలాగూ పోతోంది కదండీ. పోయినదాని చోట ఏదో ఒకటి పెట్టాలి. పెట్టకపోతే ఆ వాక్యం ఒట్టి సమాచారం అయిపోతుంది, ముసలాయన నడిచాడు, తీగ ఉంది, అంతే.

— నాకు పట్టు కన్నా ఊత నచ్చుతుంది. ఇద్దరికీ కావలసింది అదే. చేతికర్ర లేక తడబడేవాడొకడు, కొమ్మ దొరక్క తడుముకునేదొకటి. తడబడు, తడుముకొను, రెండిట్లో తడ, తడు అని మొదట్లోనే చిన్న ఒరిపిడి కూడా ఉంది. డాడర్ డాడర్‌లో ఉన్న మోత కాస్తైనా దక్కుతుంది.

— అదేదో బాగుంది. ఇలా రాసుకున్నాను, చూసి చెప్పండి: "ఊత కోసం తడుముకుని కంచెనంతా పట్టేసిన బంగారు తీగ పక్కనే, ఊత లేక తడబడుతూ ముసలి తోటమాలి నడిచిపోయాడు."

— కంచెనంతా వద్దు, కంచె అంతా చాలు. ఇంకోటి, కంచె ఎండు కర్రలదైతే బంగారు తీగ దానిమీద బతకదు. మూలంలో కంచె మొక్కలదేనా? చూసుకోండి.

— చూశాను. పొదల కంచే.

— అయితే పొదలకంచె అని రాయండి, దిగులు లేదు.