ఎండలు ముదిరాక ఆవు పాలలో వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే ఘనపదార్థాలు) రెండూ పడిపోయాయి, ఏం చేయాలి?

మాది పలమనేరు దగ్గర పల్లె. నాలుగు సంకర జాతి ఆవులను మేపుతున్నాము. మార్చి వరకు వెన్న 3.8, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.4 శాతం వచ్చేవి. ఇప్పుడు 3.1, 8.0. ఆవు పాలకు ఉండవలసిన కనీస ప్రమాణం 3.2, 8.3 కదా! పాల కేంద్రంలో ధర తగ్గించారు, అది సరే. చుక్క నీళ్లు కలపని పాలను అనుమానంగా చూస్తుంటే మాత్రం మనసు చివుక్కుమంటోంది.

పచ్చగడ్డి అయిపోయింది. వరిగడ్డి కొద్దిగానే ఉంది కాబట్టి పాలు తగ్గకూడదని దాణా పెంచాను. పీచు తగ్గితే వెన్న పడుతుందని తెలుసు. మరి ఎస్‌ఎన్‌ఎఫ్ ఎందుకు తగ్గింది? వేడికి మేత సరిగా తినకపోవడమా, పైకి కనిపించని పొదుగువాపా? పొదుగులు మెత్తగానే ఉన్నాయి, పాలలో గడ్డలు లేవు.

ఇంకొకటి. చివరి పాలు దూడలకు వదిలేస్తాము. వెన్న ఎక్కువగా ఉండేది వాటిలోనే. మొదటి పాలు దూడకు తాగించి, చివరి వరకు పిండితే తేడా కనిపిస్తుందా? వేరుశనగ కట్టె దొరుకుతోంది, ఆవుకు రోజుకు ఎంత వేయవచ్చు?

పాడిలో అనుభవమున్న రైతులు, పశువైద్యులు దయచేసి చెప్పండి. ముందుగా ఏ పరీక్ష చేయించమంటారు?