గ్రాఫ్ థియరీలో పీహెచ్‌డీ చేస్తానంటే ఇంట్లో ఏమని చెప్పాలి?

అమలాపురం అమ్మాయి:
నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లె. కాకినాడలో ఎమ్మెస్సీ గణితం రెండో సంవత్సరం చదువుతున్నాను. గ్రాఫ్ థియరీ, అంటే చుక్కలనూ వాటిని కలిపే గీతలనూ పట్టిచూసే గణితం, చదివినప్పటి నుంచి పరిశోధన అందులోనే చేయాలని ఉంది. నాన్నగారిది కొబ్బరి తోట. దింపు డబ్బు రాగానే ముందు నా ఫీజు కట్టేవారు. ఇప్పుడు మాత్రం "చుక్కలూ గీతలూ కలిపితే బతుకుతెరువు దొరుకుతుందా? బీఈడీ చెయ్యి" అంటున్నారు. నా దగ్గర సరైన జవాబు లేదు. గైడుగా ఉంటానన్న ఒకాయన, లేబులింగ్, అంటే ఆ చుక్కలకు అంకెలు వేసే పని, తీసుకుంటే పేపర్లు త్వరగా వస్తాయన్నారు. ఈ దారిలో నడిచినవారు ఎవరైనా చెప్పండి.

కాకినాడ అన్నయ్య:
ముందు నెట్ పరీక్ష రాయమ్మా. అందులో జేఆర్‌ఎఫ్ అర్హత వస్తే నెలనెలా ఫెలోషిప్ అందుతుంది, ఇంటి మీద భారం పడదు. మిగతాది లంక మాస్టారు చెప్పాలి.

లంక మాస్టారు:
అమ్మా, లేబులింగ్ సంగతి ముందు చెబుతాను, నా వయసంతా దానితోనే గడిచింది.

నాలుగు చుక్కలను వరుసగా కలిపి 0, 3, 1, 2 అని అంకెలు వెయ్యి. పక్కపక్క అంకెల తేడాలు 3, 2, 1. ఏదీ రెండుసార్లు రాలేదు. వలయం లేకుండా ఒకటిగా కలిసిన చుక్కల బొమ్మను చెట్టంటాం. ఏ చెట్టుకైనా ఇలా అంకెలు వేయగలమా అన్న ప్రశ్న 1967లో రోసా రాసిన వ్యాసం నుంచి నడుస్తోంది. నేటికీ తేలలేదు. కొబ్బరి మట్ట ఆకారంలో ఉన్న చెట్లకు, అంటే నడుమ ఒక ఈనె, దానికి అటూ ఇటూ ఆకులు ఉన్నవాటికి, వేయవచ్చని రోసాయే చూపించాడు. ఆ ఆకుల కొసన ఇంకా చిన్న ఆకులు తగిలిస్తే చాలు, కథ మారిపోతుంది. వాటిని లాబ్‌స్టర్లంటారు. అన్నిటికీ వేయవచ్చని బెర్మాండ్ 1979లో ఊహించాడు. అదీ అలాగే ఉంది.

నేను అందులో ఒక రకం లాబ్‌స్టర్లను పట్టుకున్నాను. రెండేళ్లకు 22 పేజీల నిరూపణ తయారైంది. మా గైడు తొమ్మిదో పేజీ దగ్గర పెన్సిలు ఆపి, "ఈ ఈనెకు ఒక పక్క ఆకులే లేకపోతే?" అని అడిగారు. ఆ ఒక్క సందర్భం నేను చూడలేదు. ఆ సాయంత్రం కోటిపల్లి రేవులో పంటు ఎక్కి, ముక్తేశ్వరం చేరేదాకా నీళ్లవైపే చూస్తూ నిలబడ్డాను. ఆ కాగితాల్లో చివరికి మిగిలింది ఆరు పేజీలు. ఆ ఆరే నా మొదటి పేపరు.

కెంప్ సంగతి నీకు తెలిసే ఉంటుంది. పక్కపక్క దేశాలకు ఒకే రంగు రాకుండా వేయడానికి ఏ పటానికైనా నాలుగు రంగులు చాలునని 1879లో నిరూపణ ఇచ్చాడు. పదకొండేళ్లు అందరూ నమ్మారు. 1890లో హీవుడ్ తప్పు పట్టుకున్నాడు, పట్టుకుని కెంప్ పద్ధతితోనే అయిదు రంగులు చాలునని నిరూపించాడు. 1976లో ఆపెల్, హాకెన్ కంప్యూటర్ సాయంతో నాలుగు రంగుల మాట తేల్చినప్పుడూ ఆ పద్ధతి పనికొచ్చింది. ఆ ఆరు పేజీలు రాస్తున్నన్నాళ్లూ కెంప్ నా పక్కన కూర్చున్నట్టే ఉండేది.

కాబట్టి లేబులింగ్ చెడ్డదని అనను. ఏదో కొత్త లేబులుకు పేరు పెట్టి, అది నాలుగు రకాల గ్రాఫులకు సరిపోతుందని రాసి పంపే పని మాత్రం వద్దు. ఆ గైడుగారిని ఒక్కటే అడుగు: "మీరు ఇప్పటికీ తేల్చలేకపోయిన ప్రశ్న ఏది?" కళ్లు మెరిసి చెప్పడం మొదలుపెడితే చేరిపో.

నాన్నగారికి గోదావరి చూపించు. జొన్నాడ, యానాం, సిద్ధాంతం, బోడసకుర్రు, చించినాడ. పక్కపక్కన ఉన్నవాటిని ఒకటిగా లెక్కించి, ఈ అయిదు వంతెనలనూ ఒక్కొక్కసారే దాటి బయలుదేరిన చోటికి రాగలమా అని అడుగు. 1736లో ఆయిలర్ కోనిగ్స్‌బర్గ్ ఏడు వంతెనల మీద తేల్చిన ప్రశ్నకు ఇది చెల్లెలు.

అమలాపురం అమ్మాయి:
మాస్టారూ, రాత్రి అరుగు మీద సుద్దముక్కతో గీశాను. తూర్పు ఒడ్డుకు రెండు వంతెనలు, మా అమలాపురం వైపుకు నాలుగు, రాజోలు వైపుకు రెండు, పశ్చిమ ఒడ్డుకు రెండు. అన్నీ సరిసంఖ్యలే, ఒక వంతెన మీద ఎక్కడికి చేరినా బయటికి ఇంకొకటి మిగులుతుంది, కాబట్టి రాగలం. బోడసకుర్రు దాటి, దిండి మీదుగా చించినాడ, సిద్ధాంతం, జొన్నాడ, యానాం, మళ్లీ ఇల్లు. నాన్నగారు కాసేపు చూసి, "గన్నవరం అక్విడక్టు వదిలేశావేం?" అన్నారు. కాలువ నది దాటే ఆ వంతెనా రాజోలు వైపుకే, కలిపాను. మావైపు అయిదు, రాజోలు వైపు మూడు అయ్యాయి. ఇక్కడ మొదలుపెడితే రాజోలు వైపు తేలుతాం, ఇంటికి రాలేం.

లంక మాస్టారు:
ఆయన అడిగిందే అసలు ప్రశ్నమ్మా. ఇంకేమైనా అన్నారా?

అమలాపురం అమ్మాయి:
సఖినేటిపల్లి నుంచి నరసాపురం వెళ్లే పంటును కూడా గీయమన్నారు. గీస్తే బేసి సంఖ్యలు మావైపు, పశ్చిమ ఒడ్డున మిగిలాయి. పొద్దున లేచి చూస్తే నాన్నగారు అరుగు మీదే ఉన్నారు. కోటిపల్లి పంటును ఆయనే గీసుకుంటున్నారు.