అతుకు వేసి నడపాలా, అసలు భాగం వచ్చేదాకా ఆపాలా?

(రిపేరు పనులు చేసే నలుగురు మారుపేర్లతో జరిపిన చర్చ.)

సెంటర్ పంచ్:
మోటారు ఎండ్ కవరులో (కొసన ఉండే మూతలో) బేరింగు కూర్చునే చోటు, అంటే సీటు, అరిగింది. కదలకుండా ఉండాల్సిన బేరింగు బయటి రింగు (రేసు) సీటులోనే తిరిగిపోతోంది. కొత్త కవరు రావడానికి వారం పడుతుంది. అలాంటప్పుడు సీటు లోపలి గోడ చుట్టూ పంచ్‌తో (మొన ఉన్న ఉక్కు కడ్డీతో) చుక్కలు కొట్టి, బేరింగును బిగువుగా దించి నడపడం తప్పంటారా? నా లెక్కలో తప్పు కాదు. యంత్రం ఆగితే దాని వెనక పనంతా ఆగుతుంది. 1970లో చంద్రుడి దారిలో చెడిపోయిన అపోలో 13 నౌకలో, కమాండ్ మాడ్యూలు (ప్రధాన గది)లోని గాలి శుద్ధి చేసే చదరపు డబ్బాలను లూనార్ మాడ్యూలు (చంద్రుడి మీద దిగే గది) గాలి శుద్ధికి తగిలించింది ప్లాస్టిక్ సంచులు, అట్టలు, గొట్టాలు, టేపుతోనే. ముగ్గురూ ప్రాణాలతో దిగారు. చేతిలో ఉన్నదానితో పని గట్టెక్కించడం కూడా పనితనమే.

లేత్ పని:
అతుకు వేయడం తప్పని నేనూ అనను. కానీ చుక్కలు కొట్టడం మాత్రం తప్పే. పంచ్ దెబ్బకు గుంట చుట్టూ లోహం సన్నటి అంచులా లేస్తుంది. బేరింగును పట్టుకునేది ఆ అంచులు మాత్రమే, సీటు మొత్తం కాదు. లోడు పడ్డాక అంచులు చదునైపోతాయి, రేసు మళ్లీ తిరగడం మొదలుపెడుతుంది. ఈసారి రాలిన పొడి కూడా తోడవుతుంది కాబట్టి అరుగుదల మరింత వేగంగా సాగుతుంది. చిన్న మోటారులో తిరిగే రోటరుకు, కదలని స్టేటరుకు మధ్య సందు అర మిల్లీమీటరు కూడా ఉండదు. సీటు లూజు పెరిగితే రోటరు రాసుకుంటుంది, వైండింగు (తీగచుట్ట) పోతుంది. కవరుతో పోయేది కాస్తా మోటారు దాకా వస్తుంది.

వారం నడపాలంటే పల్చటి రేకుతో షిమ్ము, అంటే సందు నింపే పట్టీ, వేయండి. కూల్‌డ్రింకు డబ్బా రేకు దాదాపు 0.1 మి.మీ. మందం ఉంటుంది. ఉదాహరణకు 6203 నంబరు బేరింగు బయటి వ్యాసం 40, వెడల్పు 12 మి.మీ. చుట్టుకొలత 125.7 వస్తుంది కాబట్టి పట్టీని 125 పొడవు, 11 వెడల్పు ఉండేలా కత్తిరించాలి. కొసలు ఒకదానిమీద ఒకటి ఎక్కకూడదు. ఎక్కితే అక్కడ రేసు నొక్కుకుపోయి షాఫ్టు సెంటరు తప్పుతుంది. కత్తిరించిన అంచులు గరుకు కాగితంతో రుద్దాలి.

ఇక్కడే చాలామంది పొరపడతారు. 0.1 రేకు చుట్టూ వేస్తే వ్యాసంలో 0.2 తగ్గుతుంది. సీటు లూజు 0.15 ఉంటే 0.05 అదనపు బిగువు వచ్చినట్టే. ఈ బేరింగులో గుండ్లకు మామూలుగా ఉండే సందు 3 నుంచి 18 మైక్రాన్లు (0.003 నుంచి 0.018 మి.మీ.) మాత్రమే. ఆ బిగువుకు అది పూర్తిగా పోయి, నడిచిన కాసేపటికే బేరింగు కాలిపోతుంది. కాబట్టి ముందు కొలవండి. లూజు 0.1 లోపు ఉంటే రేకు వద్దు, రిటైనింగ్ కాంపౌండ్ (సందులో గట్టిపడి పట్టుకునే జిగురు) చాలు. అసిటోన్‌తో జిడ్డు పూర్తిగా తీసి, సీటుకు పూసి, బేరింగు దించి 24 గంటలు కదపకుండా ఉంచాలి. అల్యూమినియం కవరైతే గట్టిపడటం నెమ్మదిస్తుంది, యాక్టివేటరు (జిగురు త్వరగా గట్టిపడేలా చేసే ద్రవం) పూయాలి.

ఫ్యూజు తీగ:
కరెంటు వైపు ఈ వాదనంతా పనికిరాదండీ. టిన్ పూత రాగి ఫ్యూజు తీగ 0.20 మి.మీ. అయితే 5 ఆంపియర్లకు, 0.50 అయితే 15కు. తీగ వ్యాసం రెట్టింపైతే కరిగే కరెంటు దాదాపు 2.8 రెట్లు అవుతుంది. ‘ఈ ఒక్క పూటకీ’ అని లావు తీగ చుడితే, తర్వాత కరిగేది గోడలోని వైరు. ఫ్యాను కెపాసిటరు కూడా అంతే. 2.5 మైక్రోఫారడ్‌ది దొరక్కపోతే 1.5, 1 కలిపి ప్యారలల్‌గా వేయండి, 440 వోల్టులవే అయితే నిశ్చింతగా నడుస్తుంది. దానికి బదులు 4 వేస్తే ఫ్యాను తిరుగుతుంది కానీ, రెండో వైండింగులో కరెంటు పెరిగి తీగ మీది ఎనామెల్ పూత మాడుతుంది. మొదటిది లెక్క ప్రకారం చేసిన రిపేరు. రెండోది రిపేరే కాదు.

ట్యూబు ముక్క:
నీళ్ల పైపులు, ప్లాస్టిక్ సామాన్ల దగ్గర అతుకును తక్కువ చేయకండి. లీకు దగ్గర సైకిలు ట్యూబును పట్టీగా కోసి, లీకుకు 10 సెం.మీ. ముందు నుంచి లాగి బిగిస్తూ, ప్రతి చుట్టూ సగం ముందు చుట్టు మీద పడేలా చుట్టి, రెండు కొసల్లో క్లిప్పులు వేస్తే చల్లటి నీటికి నెలల తరబడి ఆగుతుంది. వేడినీటికి వద్దు. గ్యాసు గొట్టానికి అసలే వద్దు.

బకెట్టు పగిలితే ఎంసీల్, సూపర్‌గ్లూ పట్టవు. పాలీథీన్‌కు, పాలీప్రొపిలీన్‌కు జిగురు అంటదు, ఆరాక పెచ్చులా ఊడుతుంది. పగులు కొసన 3 మి.మీ. రంధ్రం వేయండి. అది వేయకపోతే ఎంత బాగా అతికినా పగులు ఆ కొస నుంచే ముందుకు పాకుతుంది. తర్వాత అదే రకం ప్లాస్టిక్ ముక్కను సోల్డరింగ్ ఐరన్‌తో కరిగించి పగులులోకి నింపాలి. పొగ పీల్చకుండా కిటికీ దగ్గర చేయాలి.

లేత్ పని:
అపోలో ఉదాహరణలో ఒక సంగతి వదిలేశారు. ఆ అమరికను ముందు భూమ్మీద తయారుచేసి చూశాకే, పైనున్న వాళ్లకు ఒక్కో మెట్టు చదివి వినిపించారు. అది ఇల్లు చేరేదాకా మాత్రమే. దానికి ఎదురు ఉదాహరణ జపాన్ ఎయిర్‌లైన్స్ 123 విమానం. 1978లో తోక నేలకు తగిలాక వెనక ప్రెషర్ బల్క్‌హెడ్‌కు (లోపలి గాలి ఒత్తిడిని ఆపే వెనక గోడకు) మరమ్మతు చేశారు. ఒకే పలకతో రెండు వరసల రివెట్లు భారం మోయాల్సిన చోట, పలకను రెండుగా కోసి వేయడంతో భారం ఒక్క వరస మీదే పడింది. ఏడేళ్లు ఎగిరింది. 1985 ఆగస్టు 12న తెగింది, 520 మంది పోయారు. టేపు చుట్టిన అతుకును చూసి ఎవరైనా అనుమానిస్తారు. అసలు పనిలా కనిపించే అతుకును ఎవరూ అనుమానించరు.

సెంటర్ పంచ్:
చుక్కల విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను మాస్టారూ. ఆపి కూర్చోవాలన్న మాటకు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. షిమ్ము వేశాక బయటి క్యాపు తీసి, రేసు మీంచి కవరు మీదకు పెయింటుతో ఒకే గీత గీస్తే సరిపోతుందా?

లేత్ పని:
సరిపోతుంది. గీత రేసు మీద ఒకచోట, కవరు మీద మరోచోట కనిపిస్తే రేసు తిరుగుతున్నట్టే. మొదటి గంటలో రెండుసార్లు, తర్వాత పూటకోసారి మోటారు ఆపి చూడండి. గీత జరిగిందంటే ఇక స్విచ్చి వేయొద్దు. కవరు మీద ‘షిమ్ము ఉంది’ అని తేదీతో రాసి పెట్టండి, రేపు విప్పేవాడు మీరే కానక్కర్లేదు.