పాత స్పీకర్లలో ఫ్యాను కెపాసిటర్ వేయవచ్చా?

మా నాన్నగారు 1978లో కొన్న స్పీకర్ల జతను అటక మీది నుంచి దించాను. టేకు పెట్టెలు, 8 ఓమ్‌లు, ఒక్కోదానిలో ఒక వూఫర్ (మంద్రస్వరాలు పలికేది), ఒక ట్వీటర్ (పైస్వరాలు పలికేది). వూఫర్లు బాగానే ఉన్నాయి. ఎడమవైపు ట్వీటర్ మాత్రం మూగనోము పట్టినట్టుంది: వీణ వినిపిస్తుంది, తీగ మీటిన చప్పుడు వినిపించదు. చెవి ఆనిస్తే సన్నగా పలుకుతోంది కాబట్టి దానిలోని తీగచుట్ట (కాయిల్) తెగలేదు.

వెనక పలక విప్పితే ట్వీటర్ దారిలో ఒకే ఒక్క బైపోలార్ (ప్లస్, మైనస్ తేడా లేని) ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. కింది స్వరాలను ఆపి పైవాటినే ట్వీటర్‌కు పంపేది ఇదే; దీని విలువ తగ్గితే ఆ హద్దు పైకి జరుగుతుంది. మీద 4.7 మైక్రోఫారడ్ అని ఉంది, మీటరు 3.1 చూపింది. అంటే 4,200 హెర్ట్జ్ దగ్గర అందుకోవలసిన ట్వీటర్ 6,400 దాకా ఊరుకుంటోంది. కుడివైపుది 4.5 చూపింది.

కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే బైపోలార్ లేదంటూ ఫ్యాను కెపాసిటర్ చేతిలో పెట్టారు: 4 మైక్రోఫారడ్, 440 వోల్టులు. నవ్వొచ్చింది. కానీ అదీ పాలీప్రొపిలీన్ ఫిల్మే (పలుచని ప్లాస్టిక్ పొరతో చేసిన రకమే) కదా! దానికి సమాంతరంగా 0.68 ఫిల్మ్ కెపాసిటర్ కలిపితే 4.68 వస్తుంది.

ఇలా చేసి విన్నవారు ఎవరైనా ఉన్నారా? ఫిల్మ్ రకానికి అంతర్గత నిరోధం దాదాపు ఉండదు కనుక ట్వీటర్ గీపెడుతుందేమోనని నా భయం. సిరీస్‌లో అర ఓమ్ రెసిస్టర్ సరిపోతుందా, ఒక ఓమ్ వేయాలా? కుడివైపుది కూడా మార్చేయాలా? కాయిల్స్ జోలికి వెళ్లను. ఇవి పారేసి బ్లూటూత్ డబ్బా కొనుక్కోమనే సలహా మాత్రం వద్దు, అది ఇంట్లోనే రోజూ దొరుకుతోంది.