మ్యాప్ డేటాలో మారిన ముక్క మాత్రమే అప్‌డేట్ చేయడం ఎలా?

గట్టుమీద_కోడ్:
నమస్తే అండి. కోనసీమ లంకల దారులు, రేవులు, కాజ్‌వేలు చూపించే ఆఫ్‌లైన్ యాప్ ఒకటి ఓపెన్ సోర్స్‌గా రాస్తున్నాం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా తీసుకుని, దానికి ఏ కాజ్‌వే మునిగింది, ఏ రేవులో పడవ నడుస్తోంది అనే మా సొంత టేబుల్ కలిపి ఒకే ఎస్‌క్యూలైట్ (మొత్తం డేటాబేస్ ఒక్క ఫైల్లో ఉండే రకం) ఫైలుగా ఇస్తాం. ఒక్క రేవు పేరు సరిచేసినా అందరూ 90 ఎంబీ ఫైలు మళ్ళీ మొత్తం దించుకోవాల్సి వస్తోంది. ధవళేశ్వరంలో గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక ఇచ్చాక, సఖినేటిపల్లి - నరసాపురం పంటు ఉందో ఆపేశారో తెలియాల్సిన రోజునే లంకల్లో సిగ్నల్ అంతంత మాత్రంగా ఉంటుంది. ఫైళ్ళను కుదించే జెడ్‌స్టాండర్డ్ టూల్‌లో ప్యాచ్-ఫ్రమ్ ఆప్షన్‌తో పాత ఫైలుకీ కొత్త ఫైలుకీ తేడా తీసి పంపితే సరిపోతుందా?

వశిష్ట_దిగువ:
తేడా చిన్నగానే వస్తుందండి, కానీ ఆ ప్యాచ్ సరిగ్గా ఆ పాత ఫైలు మీదే పనిచేస్తుంది. ఒకరి ఫోన్లో నిన్నటిది, ఇంకొకరి ఫోన్లో సంక్రాంతి నాటిది ఉంటే ఒక్కో పాత వెర్షన్‌కి ఒక్కో ప్యాచ్ తయారు చేయాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాళ్ళ పద్ధతి చూడండి. నిమిషానికి, గంటకి, రోజుకి విడివిడిగా మార్పుల ఫైళ్ళు వదులుతారు, ప్రతిదానికీ వరుస సంఖ్య ఉంటుంది, లోపల కొత్తగా చేర్చినవి, మార్చినవి, తీసేసినవి వేరువేరుగా ఉంటాయి. యాప్ తన దగ్గరున్న సంఖ్య చూసుకుని ఆ తర్వాతవి వరసగా తెచ్చుకుంటే చాలు.

చేపలచెరువు_దేవ్:
అంతకంటే ముందు ఒకటి అడుగుతాను, మీ బిల్డ్ స్క్రిప్ట్ ప్రతిసారీ టేబుళ్ళు ఖాళీ చేసి వరసలకు ఒకటి నుంచి కొత్త ఐడీలు ఇస్తోందా? అలా అయితే ఏ పద్ధతి పెట్టినా లాభం లేదు. జాబితా మొదట్లో ఒక్క ఊరు చేరినా కింద ఉన్న ఐడీలన్నీ ఒకటి చొప్పున జరిగిపోతాయి, రెండు ఎస్‌క్యూలైట్ ఫైళ్ళ తేడా చూపే ఎస్‌క్యూఎల్‌డిఫ్‌తో పోల్చి చూస్తే దాదాపు ప్రతి వరసా మారినట్టే కనిపిస్తుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఐడీనే, అది నోడా (బిందువు), వేనా (గీత), రిలేషనా (వాటి గుంపు) అన్న రకంతో కలిపి, ప్రైమరీ కీగా (ప్రతి వరసనీ విడిగా గుర్తించే విలువగా) పెట్టండి. ఇన్‌క్రిమెంటల్ అప్‌డేట్ అనగానే అందరూ డౌన్‌లోడ్ కోడ్ మీద పడతారు కానీ, అసలు పని బిల్డ్ దగ్గరే ఉంది.

ఇంకో మాట, తీసేసిన వరసల్ని మర్చిపోకండి. చేర్చినవీ మార్చినవీ మాత్రమే పంపితే కొట్టుకుపోయిన కాజ్‌వే పాత ఫోన్లలో దారిగా కనిపిస్తూనే ఉంటుంది, దాన్ని నమ్మి ఎవరైనా రాత్రిపూట బండి వేసుకుని బయల్దేరితే ప్రాణాల మీదకి వస్తుంది. డిలీట్ అయిన ఐడీలు ప్రతి మార్పుల ఫైల్లోనూ ఉండాలి.

మార్పులు ఎక్కించడం, వరుస సంఖ్య పెంచడం రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో (జరిగితే మొత్తం, లేకపోతే ఏదీ జరగని పద్ధతిలో) పెట్టండి. మధ్యలో ఫోన్ ఆగిపోయినా డేటా పాత స్థితిలోనే ఉంటుంది, మళ్ళీ మొదలుపెడితే సరిపోతుంది.

గట్టుమీద_కోడ్:
ఐడీల సంగతి మీరు చెప్పినట్టే ఉందండి, బిల్డ్‌లో కొత్తవే ఇస్తున్నాం. ముందు అది మారుస్తాను. మరి 2022 ఏప్రిల్‌లో కోనసీమ వేరే జిల్లా అయినప్పటిలాంటి మార్పు వస్తే? మాకు ప్రతి ఊరి వరసలోనూ జిల్లా పేరు ఉంది.

వశిష్ట_దిగువ:
ఊరి వరసలో మండలం ఐడీ మాత్రమే ఉంచి, ఏ మండలం ఏ జిల్లాదో వేరే టేబుల్లో పెట్టండి. అప్పుడు వేల ఊళ్ళ బదులు మండలాల వరసలు మాత్రమే మారతాయి. అయినా మార్పులన్నీ కలిపి పూర్తి ఫైల్లో సగం దాటితే, లేదా యాప్ చాలా వెనకబడి ఉంటే, పూర్తి ఫైలే దించుకోమనండి. ఆ దారి ఎప్పటికీ తీసేయొద్దు. మునిగిన కాజ్‌వేల టేబుల్‌కి మాత్రం వేరే వరుస సంఖ్య ఇవ్వండి, అది కొన్ని కేబీల్లోనే ఉంటుంది కాబట్టి మ్యాప్ అప్‌డేట్ కోసం ఆగకుండా ముందు వెళ్ళిపోతుంది. ఐడీల మార్పు పుల్ రిక్వెస్ట్ పెట్టగానే లింక్ ఇక్కడ వేయండి, నేను రివ్యూ చేస్తాను.