చెరియాల పటాన్ని కోసి ఫ్రేములు కట్టించవచ్చా? బొమ్మ అంచు ఎక్కడ ఆగుతుంది?

గ్రంథాలయ సభ్యుడు:

మా ఊరి గ్రంథాలయానికి ఒక దాత చెరియాల నకాశీలతో (తెలంగాణలోని చెరియాలలో గుడ్డ మీద కథల పటాలు గీసే చిత్రకారులతో) ప్రత్యేకంగా గీయించిన నిలువు పటం ఒకటి ఇచ్చారు. వెడల్పు మూడడుగులు, పొడవు పన్నెండడుగులు. పై గడిలో వినాయకుడు, దాని కింద మార్కండేయ పురాణం నుంచి ఐదు ఘట్టాలు, గడికీ గడికీ మధ్య పూలతీగ పట్టీ ఉన్నాయి. మా హాలు కప్పు పదడుగుల ఎత్తే కాబట్టి పటం మొత్తం గోడకు పట్టదు.

కమిటీలో ఎక్కువమంది దానిని ఆరు ముక్కలుగా కోయించి, ఒక్కొక్కదానికీ తెల్ల మౌంటు (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట పట్టీ), అద్దం, వెడల్పాటి బంగారు రంగు ఫ్రేము వేయించి హాలు చుట్టూ తగిలించాలంటున్నారు. పూల పట్టీ మౌంటు కిందకు పోతే బొమ్మ మరింత నీటుగా కనబడుతుందని ఫ్రేములు కట్టే ఆయన చెప్పారట. మిగిలినవారు ఫ్రేమే వద్దు, ఉన్నదున్నట్టు గోడకు పట్టినంత మేర వేలాడదీద్దాం అంటున్నారు. నాకు కోయడం ఇష్టం లేదు, కానీ దుమ్ము, బల్లులు, పిల్లల చేతుల సంగతి అడిగితే సమాధానం చెప్పలేకపోతున్నాను. వచ్చే సమావేశంలో నిర్ణయం జరుగుతుంది. కారణాలతో సహా మీ అభిప్రాయాలు తెలియజేయండి.

చిత్రలేఖనం టీచరు:

కోయవద్దు. పాతదంటే ఉన్న మమకారంతో అంటున్న మాట కాదిది, ఆ పటం గీసిన పద్ధతిలోనే దానికి కారణం ఉంది. ఆరు గడుల మధ్య పూల పట్టీలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఐదే ఉంటాయి. ప్రతి పట్టీ పై గడికి అడుగు, కింది గడికి తల. కత్తెర వేస్తే ఆ పట్టీ ఎవరి వాటాకు పోవాలి? నడుమకు కోస్తే రెండు గడులకూ సగం సగం పువ్వులు మిగులుతాయి. ఒక గడికే వదిలితే రెండో గడి ఎర్రటి నేల మీద అర్ధాంతరంగా ఆగిపోతుంది. పట్టీని మౌంటు కింద దాచేయాలన్న సలహా ఈ చిక్కులోంచే పుట్టి ఉంటుందని నాకు అనిపిస్తోంది.

పట్టీకి కథలోనూ పని ఉంది. పద్మశాలీలకు వారి కథకులైన కూనపులివారు ఈ పురాణం చెప్పేటప్పుడు పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, కర్రతో ఒక్కొక్క బొమ్మనే చూపుతూ పాడతారు. పద్మశాలీల మూలపురుషుడు భావనా ఋషి తామర తూడు దారంతో దేవతలకు బట్ట నేసే ఘట్టం ముగిసి, తర్వాతి ఘట్టం మొదలయ్యే చోట ఆ పూలతీగ వస్తుంది. చూసేవారి కన్ను అక్కడ ఒక క్షణం ఆగుతుంది, పాడేవారు ఊపిరి తీసుకుంటారు. గడులన్నిటికీ నేల ఒకే ఎరుపు. అందువల్ల ఒక ఘట్టంలోని మనుషులు పక్క ఘట్టంలోకి కలిసిపోకుండా ఆపేది కూడా ఆ పట్టీయే. దానిని అలంకారం అనుకోవడంతోనే మీ కమిటీ ఆలోచన పక్కదారి పట్టింది.

తెలుగునాట చిత్రకారులు అంచును చాలాకాలంగా బొమ్మలో భాగంగానే చూశారు. లేపాక్షి వీరభద్రాలయ మండపంలో తలెత్తి చూస్తే 16వ శతాబ్దపు చిత్రాలు పొడవాటి వరుసలుగా సాగుతూ ఉంటాయి. ఆ వరుసల పక్కన నేతబట్టల నమూనాలతో నిండిన అంచులు ఉంటాయి. అక్కడ చెక్క ఫ్రేము అన్నదే లేదు, కప్పు రాళ్లే బొమ్మకు హద్దు. ఆ అంచులను తీసేసి ద్రౌపదీ స్వయంవరాన్ని మాత్రం ఫోటోగా అచ్చు వేసినప్పుడు, చీర అంచు కత్తిరించి మిగతా గుడ్డను చూపినట్టే ఉంటుంది.

ఇక బంగారు ఫ్రేము, తెల్ల మౌంటు. ఒక రంగు పక్కన ఇంకో రంగు పెడితే రెండూ కంటికి మారినట్టు కనబడతాయని ఫ్రాన్సులోని గోబెలిన్ నేతశాలలో అద్దకం పనులు చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ 1839లో ప్రచురించిన గ్రంథంలో వివరంగా నిరూపించాడు. తెలుపు పక్కన ఎరుపు మరింత ముదురుగా కనబడుతుంది. పసుపు పక్కన కొంచెం ఊదా వైపు మొగ్గుతుంది. చెరియాల ఎరుపు చుట్టూ నాలుగంగుళాల తెలుపు, ఆపైన మెరిసే పసుపు పెడితే, నకాశీ చూసి కలుపుకున్న ఎరుపు మన గోడ మీద ఉండదు. నేల ఎరుపు పక్కన ఏ రంగు రావాలో నకాశీ ఆలోచించి పెట్టినదే ఆ పూల పట్టీ. దానిని దాచి మన పట్టీ పెట్టడం ఆయన నిర్ణయాన్ని మనం మార్చడమే.

ఫ్రేముల పనివాడు:

టీచరు గారు చెప్పిన ఐదు పట్టీల లెక్కతో నేను ఏకీభవిస్తాను. ఒకే పటంగా గీసినదానిని కోయడం తప్పు. నా దుకాణానికి ఎవరైనా అలాంటిది తెస్తే వద్దనే చెబుతాను. అయితే ఫ్రేము అంటేనే బొమ్మకు అపకారం అన్న ధోరణిని మాత్రం ఒప్పుకోలేను.

బొమ్మ ఇంట్లోకి వచ్చిందే ఫ్రేముతో. రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టిన తర్వాత లక్ష్మీ సరస్వతుల అచ్చుబొమ్మలు సామాన్యుల ఇళ్లకు చేరాయి. అద్దం, చెక్క చట్రం ఉన్నందుకే అవి దేవుడి గూట్లో దీపపు మసికీ, కుంకుమ చేతులకూ తట్టుకొని నిలిచాయి. పటం కట్టించడం అని మనం అనేదీ ఆ పనినే. చెరియాలలో కూడా ఇవాళ పెద్ద పటాలు అడిగేవారు తక్కువ, కథ చెప్పేవారూ తగ్గిపోయారు. నకాశీ కుటుంబాలు గోడకు తగిలించుకునే చిన్న బొమ్మలు, మాస్కులు గీసి బతుకుతున్నాయి. ఒక్క ఘట్టాన్ని తీసుకొని నాలుగు వైపులా అంచు వేసి, ఫ్రేము కట్టించుకోవడానికి వీలుగా వాళ్లే గీస్తున్నారు. ఫ్రేమును తప్పుపడితే ఆ చిన్న బొమ్మను కూడా తప్పుపట్టినట్టే అవుతుంది, ఆ మాట వాళ్ల ముందు ఎవరూ అనలేరు.

తప్పంతా ఫ్రేము కట్టే తీరులో ఉంది. చెక్క పట్టీకి లోపలివైపు ఉండే గాడి బొమ్మ అంచును దాదాపు పావు అంగుళం మింగుతుంది, ఆపైన మౌంటు ఇంకో అర అంగుళం ఎక్కుతుంది. గుమ్మంలోకి వచ్చిన బొమ్మను ఎంత తొందరగా పంపుదామా అని చూసేవారు అలాగే చేస్తారు. నేనైతే అంచు రంగు ఆగిన తర్వాత ఖాళీ గుడ్డ కూడా కొంత కనబడేలా, బొమ్మను బోర్డు మీద తేల్చి పెడతాను. చెక్క వెడల్పు ముప్పావు అంగుళం దాటనివ్వను, పాలిష్ ముదురు టేకు రంగులోనే ఉంచుతాను. బొమ్మలోని పట్టీ కంటే నా పట్టీ వెడల్పుగా ఉంటే జనం నా పని చూస్తారు గాని బొమ్మను చూడరు.

పరిరక్షణ పని చేసేవారు:

చెరియాల పటానికి నేల ఎలా తయారవుతుందో తెలిస్తే ఈ చర్చ సగం తేలుతుంది. ఖద్దరు గుడ్డ మీద చింతగింజల అంబలి, సుద్దమట్టి, గంజి, జిగురు కలిపి పూతలుగా వేస్తారు. అంబలిలోనూ గంజిలోనూ ఉన్నది పిండిపదార్థం, పురుగుకూ బూజుకూ అది ఆహారం. అందుచేత అద్దాన్ని రంగుకు ఆనించి బిగిస్తే, వానాకాలంలో లోపల చేరిన తేమ నేరుగా పూత మీదనే పేరుకుంటుంది. మధ్యలో ఖాళీ ఉంచే సన్నని బద్ద తప్పనిసరి. వెనక మామూలు హార్డుబోర్డు కొడితే దాని ఆమ్లం కొన్నేళ్లకు గుడ్డను పసుపుబారుస్తుంది. బొమ్మను ఫెవికాల్‌తో బోర్డుకు అంటించడం అన్నిటికన్నా చెడ్డది, తర్వాత ఎవరూ దానిని విడదీయలేరు. ఇలాంటి వస్త్రచిత్రాల మీద వెలుతురు 50 లక్సులు (లక్సు అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) మించకూడదన్నది మ్యూజియంలు పాటించే కొలత. కిటికీ పక్క గోడ మీద పగలు అంతకు ఎన్నో రెట్లు పడుతుంది.

అంచుల విషయంలో ఒక పాత అనుభవాన్ని ప్రస్తావించాలి. జహంగీరు, షాజహాను కాలపు ఆల్బములలో వేరువేరు చోట్ల, వేరువేరు సైజుల్లో తయారైన చిత్రాలనూ అందమైన చేతిరాత పుటలనూ ఒకే ప్రమాణంలోకి తేవడానికి చుట్టూ వెడల్పాటి అంచులు చేర్చారు. అంచులు తరువాత వచ్చి చేరినవే, కానీ వాటి మీద బంగారంతో మనుషులనూ పూలమొక్కలనూ గీసినవారు దర్బారు చిత్రకారులే. టెహ్రానులోని గోలెస్తాన్ రాజభవన గ్రంథాలయంలో ఎక్కువ భాగం ఉన్న గుల్షన్ ఆల్బమును అంచులు లేకుండా ఊహించలేం. అయినా చాలాకాలం పుస్తకాల్లో మధ్య బొమ్మను మాత్రమే అచ్చు వేశారు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో పారిస్ వర్తకుడు డెమోట్ ఇంకా ముందుకు వెళ్లి, ఇరానుకు చెందిన 14వ శతాబ్దపు షానామా (పారశీక రాజుల కథాకావ్యం) ప్రతిని విడగొట్టి, కాగితాన్ని ముందు, వెనక వైపులు వేరయ్యేలా చీల్చి, బొమ్మలను సంబంధం లేని రాతపుటల మధ్య అతికించి అమ్మాడు. ఏ బొమ్మ ఏ పుటదో సరిచూసుకోవడానికి పండితులకు దశాబ్దాలు పట్టింది. ఆరు ముక్కలూ ఆరు గోడల మీద ఉన్నా మన హాలులోనే ఉంటాయి కదా అని కమిటీ అనవచ్చు. కార్యవర్గం మారినప్పుడు, సున్నం వేసినప్పుడు, ఎవరికో ఒకటి జ్ఞాపికగా ఇచ్చినప్పుడు ఏమవుతుందో ఆలోచించమని అడగండి.

కరీంనగర్ పాఠకురాలు:

ఇక్కడ అందరూ గోడనే ఆధారంగా తీసుకొని మాట్లాడుతున్నారు. ఈ పటానికి గోడతో పనేమిటి? చుట్టి ఉంచడం, కథ రోజున విప్పడం, ముగిశాక మళ్లీ చుట్టడం దాని జీవితం. పాతబడిన పటాన్ని శాస్త్రోక్తంగా నదిలో కలిపి కొత్తది గీయించుకునే ఆచారం ఉన్న కళ ఇది. నిలవ ఉంచడం కోసం మీరు పడుతున్న తపన గౌరవించదగినదే గాని, అది నకాశీలదీ కాదు, కథకులదీ కాదు. ఫ్రేము సన్నగా ఉన్నా, వెడల్పుగా ఉన్నా, అంచు దాచినా, దాచకపోయినా, పన్నెండు నెలలూ ఒకే చోట కదలకుండా ఉన్న పటాన్ని నాలుగో రోజు నుంచి ఎవరూ చూడరు. పెట్టెలో ఉంచి, ఏడాదికి రెండుసార్లు కథకుడిని పిలిపించి విప్పించండి. ఆ ఖర్చు ఆరు ఫ్రేముల ఖర్చును మించదు.

చిత్రలేఖనం టీచరు:

పాఠకురాలు గారి మాటలో బలం ఉంది. కానీ గ్రంథాలయానికి రోజూ వచ్చే పిల్లవాడికి పటం ఏడాదికి రెండుసార్లే కనబడాలనడం నాకు సమ్మతం కాదు. చెరియాలకు వెళ్లి చూసే అవకాశం లేని పిల్లలకు ఆ హాలే చెరియాల. పైగా ఈ పటం కథకుల కోసం గీసినది కాదు, గ్రంథాలయం కోసం గీయించినది. నలుగురూ చూడటమే దాని పని.

ఫ్రేముల పని చేసే సోదరులు చెప్పిన సన్నని టేకు పట్టీ నాకు సమ్మతమే. గీసినవాడి అంచు ముగిసిన తర్వాతే కట్టేవాడి అంచు మొదలుకావాలి, నేను అడిగేది అంతే. ఫ్రెంచి చిత్రకారుడు సెరా తన పెద్ద చిత్రం 'గ్రాండ్ జాట్' 1886లో ప్రదర్శించిన తర్వాత, సుమారు 1889లో దాని గుడ్డను మళ్లీ సాగదీసి, చుట్టూ ఎరుపు, నారింజ, నీలం చుక్కలతో సన్నని అంచు గీశాడు. ఫ్రేము రంగు బొమ్మ మీదికి రాకుండా మధ్యలో తన రంగే ఉండాలని ఆయన కోరిక. చిత్రకారుడు అంచు గీశాడంటే అంతకన్నా బయటి నుంచి వచ్చేది లోపలికి రాకూడదని చెప్పినట్టే. నకాశీ పూలతీగ విషయంలో మనం వేరే న్యాయం పాటించడానికి నాకు కారణం కనబడటం లేదు.

గ్రంథాలయ సభ్యుడు:

అందరికీ కృతజ్ఞతలు. కోయకూడదన్న ప్రతిపాదన రాసి పెట్టాను, ఐదు పట్టీల విషయం అందులో మొదటి కారణంగా చేర్చాను. పైనా కిందా రూళ్లకర్రలు బిగించి, ఒకసారికి మూడు గడులు తెరిచి, మిగిలినది రెండు కర్రలకూ చుట్టి, గడులు మారుస్తూ ఉందామన్నది నా ఆలోచన. చుట్టూ గోడకు బిగించే సన్నని టేకు చట్రం, దానికి ముందు తెరుచుకునే అద్దం తలుపు ఉంటాయి. ఒకే చిక్కు మిగిలింది. వినాయకుడి గడి ఎప్పుడూ కనబడాలని పెద్దలు పట్టుబడుతున్నారు. అలా చేస్తే గడులు మార్చడం కుదరదు, వెలుతురంతా ఎప్పటికీ పై మూడు గడుల మీదే పడుతుంది.

పరిరక్షణ పని చేసేవారు:

అద్దం లోపల ముదురు రంగు నూలు తెర వేయించండి, చూడటానికి వచ్చినవారే పక్కకు జరుపుకుంటారు. అప్పుడు పై గడుల మీద రోజుకు పడే వెలుతురు చాలా తగ్గుతుంది. కింది కర్ర లావు నాలుగంగుళాలకు తగ్గకుండా చూడండి, సన్నని కర్రకు బిగుతుగా చుడితే సుద్ద పూత అడ్డంగా పగుళ్లిస్తుంది. చుట్టేటప్పుడు రంగు వైపు బయటికి ఉండాలి, పొరకూ పొరకూ మధ్య ఉతికిన మల్లు గుడ్డ వేయాలి. మూడు నెలలకోసారి పటం మొత్తం విప్పి చూపే రోజు పెట్టుకొని, ఆ రోజున పాఠకురాలు గారు చెప్పినట్టు కథకుడిని పిలిపించగలిగితే, పటం విప్పడం చేతనైనవారి చేతుల మీదుగానే ఆ పని కూడా జరిగిపోతుంది.